తాళపత్ర గ్రంథములు – వాని రక్షణము

పాత యిండ్లలో అటుకమీది బుట్టలో పడియున్న తాటియాకు కట్టలను చూడనివారు మన చదువరులలో అరుదు. విజయదశమినాడు వానిని దింపి, పసుపు కుంకుమలతో పూజించి, మరల నక్కడనే పెట్టుట యనేక కుటుంబములలో నాచారముగా నుండెను. విప్పి చదివినవారు మాత్రము తక్కువ. పూజించుటయే కాపాడుటయని తలచుటవలన మనకు కలిగిన నష్టమెట్టిదో, కెమేరాలును కంప్యూటరులును వచ్చిన యీ దినములలో నా తలంపే మరియొక రూపమున నెట్లు నిలిచియున్నదో కొంత వ్రాయదలచితిమి.

నన్నయ తిక్కనల చేతివ్రాత గల యాకొక్కటియు మనకు దక్కలేదు. పదునొకండవ శతాబ్దపు కావ్యమైనను, పదునాల్గవ శతాబ్దపు కావ్యమైనను, నేడు లభించు ప్రతులలో నధికభాగము గడచిన మూడు నాలుగు వందల యేండ్లలో వ్రాసినవే. తాటియాకులను కోసి, ఉడికించి, ఆరబెట్టి, నున్నచేసి, రంధ్రము పొడిచి త్రాడు గ్రుచ్చి, పైని క్రిందను చెక్కపలకలుంచి కట్టెడువారు. ఇనుపగంటముతో గీచిన యక్షరము కంటికానదు. మసియు ఆకుపసరును పూసి తుడిచినపిమ్మట నల్లగా తేలును. ఇంత శ్రమపడి చేసిన గ్రంథమును మన దేశపు చెమ్మయు పురుగును మూడు నాలుగు తరములలో తినివేయుచుండెను. అందుచేత ప్రతి తరమువారును శిథిలమగుచున్న ప్రతిని చూచి క్రొత్తప్రతిని వ్రాయించుకొనవలసి వచ్చెను. మహాభారతము మనవఱకు వచ్చినది ఈ మార్గముననే. ఎవరును తిరిగి వ్రాయించుకొనని గ్రంథములు నశించినవి. వానిలో కొన్నింటి పేర్లు మాత్రము లక్షణగ్రంథములలో మిగిలినవి.

వ్రాయువాడు పండితుడు కానక్కఱలేదు. పదములనడుమ ఎడముండదు. పద్యపాదములు వేఱు పంక్తులుగా నుండవు. ఎత్వమునకును ఏత్వమునకును, ఒత్వమునకును ఓత్వమునకును భేదము చూపని ప్రతులు పెక్కులు. చదువువాడు ఛందస్సు నెఱిగినవాడైనచో యతి చెడినచోట, ప్రాస తప్పినచోట లేఖకుని తప్పును పట్టగలడు. వచనమున నా యాధారము కూడ లేదు. కావున నొక్క ప్రతిని నమ్ముట ప్రమాదము. నాలుగైదు ప్రతులను ప్రక్కప్రక్కనుంచి పాఠాంతరములను పోల్చిననే కవి మాట యేదో తెలియును.

ఈ పనిని తెలుగున పెద్దయెత్తున చేయించినవాడు చార్లెసు ఫిలిప్ బ్రౌను. 1817లో చెన్నపట్టణము చేరి, 1820లో కడపలో నుద్యోగమున ప్రవేశించిన యీ దొర వేమన పద్యముల ప్రతులను సంపాదించి 1829లో నచ్చొత్తించెను. తరువాత నొక్కొక్క కావ్యమునకు పలుచోట్లనుండి ప్రతులను తెప్పించి, జూలూరి అప్పయ్య మొదలగు పండితులకు జీతములిచ్చి, పాఠములను పోల్పించి, కాగితముపై శుద్ధప్రతులను వ్రాయించెను. ఇందులకై యప్పులు కూడ చేసెను. 1838కి పూర్వము కొంతకాలము ఇంగ్లండున నున్నప్పుడు కుంపిణీవారి గ్రంథాలయమున మూలబడియున్న దక్షిణదేశపు గ్రంథములను చూచి, వానిని చెన్నపట్టణమునకు పంపు నేర్పాటు చేసెను. 1845లో తన సంపాదనమును, రెండువేలకు మించిన ప్రతులను, మద్రాసు సాహిత్యసంఘమునకిచ్చెను. అవి పిమ్మట ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరినవి. కడపలో బ్రౌను పేర గ్రంథాలయము గలదు, ఉండదగినదే. ఆయన కొలువున కన్నులు పోగొట్టుకొని యక్షరమక్షరము పోల్చిన వ్రాయసగాండ్రలో నెందఱి పేర్లు మనకు తెలియును?

బ్రౌను పిమ్మట కూడ బయటపడవలసినవి చాలనుండెను. మానవల్లి రామకృష్ణకవిగారు తంజావూరి సరస్వతీమహలులోని ప్రతిని చూచి నన్నెచోడుని కుమారసంభవమును 1909లో ప్రకటించిరి. కవి నన్నయకు పూర్వుడని వారు వాదింపగా పండితలోకమున పెద్ద కలహము పుట్టెను. కాలమును గూర్చి వారి మాటను నేడు పెక్కురంగీకరింపరు. వివాదమున నెవ్వరి పక్షమైనను సరే, మూలపత్రమును స్వయముగా చూచినవారెందఱని యడిగిన జవాబు చిన్నది. తంజావూరు పోగలవారు, లోపలికి రానిచ్చినవారు, పాతలిపి చదువగలవారు – వారు మాత్రమే.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ముద్దుపళని సంగతి. ఈమె తంజావూరి మరాఠారాజు ప్రతాపసింహుని (1739–1763) కొలువులోని విదుషి. ఈమె రాధికాసాంత్వనమును 1887లో వెంకటనరసుగారచ్చొత్తించినప్పుడు కొన్ని పద్యములను, కవయిత్రి తన వంశమునందలి స్త్రీలను పేర్కొన్న యవతారికను విడిచివేసిరి. వీరేశలింగము పంతులుగారు కవులచరిత్రమున నామెను నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి, విడిచిన భాగములను మరల చేర్చి, 1910లో వావిళ్లవారిచే ప్రకటింపజేసిరి. ప్రభుత్వమువారు అశ్లీలమని ప్రతులను పట్టుకొని నిషేధించిరి. ఆ నిషేధము 1947లో తొలగెను.

పంతులుగారియెడల మాకు గల గౌరవము తక్కువది కాదు. స్త్రీవిద్యకై, వితంతువులకై యాయన పడిన పాట్లవలననే యీ పత్రికను చదువు గృహిణులు మనలో నింతమంది గలరు. ఐనను పురుషకవుల ప్రబంధములలోని శృంగారమును సహించి, స్త్రీ వ్రాసినదానిని మాత్రము సహింపలేకపోయిన దోషము సంస్కర్తలదని యొప్పుకొనక తప్పదు. పురుగు తినని పత్రమును సంస్కారము తినబోయెను. నాగరత్నమ్మగారికి వ్రాతప్రతి దొరకకున్నచో, ఒక స్త్రీ తన తల్లుల పేర్లను చెప్పుకొన్న యా పద్యములు నేడు మనకుండకపోయెడివి. సంపాదకుని చేతిలోని కత్తెరను పట్టి చూపగల సాక్షి మూలపత్ర మొక్కటియే.

ఇప్పటి సంగతికి వత్తము. 2003లో కేంద్రప్రభుత్వమువారు వ్రాతప్రతులకై జాతీయ మిషనును స్థాపించిరి. 2025లో జ్ఞానభారతమను పేర కోటికి మించిన ప్రతులను లెక్కించి, ఛాయలు తీసి, కాపాడుటకు పథకమును ప్రకటించిరి. సంతోషమే. ఛాయాచిత్రము తీసిన పత్రమును మాటిమాటికి విప్పనక్కఱలేదు, ఆకు విఱుగదు. అమెరికాలో నున్న తెలుగువాడు తంజావూరి ప్రతిని తన యింటనే చూడవచ్చును. కాని చూడనిచ్చిననే కదా! ఛాయలు తీసి, పెట్టెలో వేసి, అర్జీ పెట్టుకొన్నవానికి నెలలతరబడి జవాబీయకుండుట యటుకమీది బుట్టకు మాఱుపేరు. మే మొకప్పుడొక భాండారమున నొక్క యాకు ఛాయకై యర్జీ యిచ్చి, మూడుమాఱులు తిరిగి, తుదకు ఉత్తచేతులతో వచ్చితిమి.

ఆర్కిమిడీసు గ్రంథము కథను పోల్చి చూడుడు. పదియవ శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాసిన యా తోలుపుటలను 1229లో చెఱిపి, పైని ప్రార్థనలు వ్రాసిరి. 1998లో నొక ధనికుడు ఇరువది లక్షల డాలరులకు దానిని కొని, బాల్టిమోరులోని వాల్టర్సు చిత్రశాలలో నుంచెను. పలురంగుల వెలుతురులతో తీసిన ఛాయలలో చెఱిపిన గణితము మరల కనబడెను. సొంతదారుడు ఆ ఛాయలన్నిటిని 2008లో లోకమునకు ఉచితముగా విడిచెను. ప్రైవేటు మనుష్యుడు చేసిన పనిని ప్రజలధనముతో నడచు భాండారములు చేయరాదా?

ఛాయ తీసినంతమాత్రమున గ్రంథము నిలిచినదనుటయు పొరపాటే. తాటియాకు వందల యేండ్లు నిలిచినది. కంప్యూటరు డిస్కును పదుల యేండ్లయినను నమ్మరాదు. ఫ్లాపీలలో దాచినవారిని అడిగిన తెలియును. యంత్రము మాఱినప్పుడెల్ల క్రొత్తదానికి నకలు తీయవలసినదే. వ్రాయసగాని పని మనకు తప్పలేదు. అక్షరములుగా ఎత్తివ్రాయుటలోను చిక్కులున్నవి. తెలుగు లిపి యూనికోడులో 1991లోనే చేరెను గాని, ౘ, ౙ లు 2008లోను, పాతప్రతులలో తఱచుగా వచ్చు నకారపొల్లు 2021లోను మాత్రమే చేరినవి. అంతవఱకును ఎత్తివ్రాసినవారు లేనియక్షరమునకు ఉన్నయక్షరమును వేసి సర్దుకొనిరి. మసిపోయిన గీతలను యంత్రము ఇంకను సరిగా చదువలేదు. పాతలిపిని ఛందస్సును ఎఱిగిన మనుష్యుడు కావలెను. అట్టివారిని తయారుచేయు పాఠశాలలు కెమేరాలకంటె తక్కువగా నున్నవి.

ఇండ్లలో కట్టలు గలవారికి రెండు మాటలు. ఆకులకు పసుపు, కుంకుమ పూయకుడు; తడిగుడ్డతో తుడువకుడు; ప్లాస్టికులో బిగింపకుడు; పొడి నూలుబట్టలో చుట్టి గాలి తగులుచోట నుంచుడు. ఎడమప్రక్కను ఆకుల సంఖ్య తెలుగంకెలలో నుండును. ఆ వరుస తప్పకుండ రెండుప్రక్కలను ఫోనుతోనైనను ఛాయలు తీయుడు. మసిపోయినచో వెలుతురును ప్రక్కనుండి యేటవాలుగా పడనిచ్చిన గంటపు గీతలు నీడలుగా తేలును. కడపటి యాకును విడువవలదు. కావ్యము ముగిసిన తరువాత వ్రాసినవాని పేరు, ఊరు, ఎవరికొఱకు వ్రాసెనో, యే సంవత్సరము, యే మాసము, యే తిథి యను సంగతులు సాధారణముగా నక్కడనే యుండును. సంవత్సరము పేరొక్కటియే యిచ్చి శకము చెప్పనివారు పెక్కురు. అఱువదియేండ్లకొకసారి యా పేరు మరల వచ్చును. ఆ వ్రాయసగాడు మీ తాతకు తాతయో, ఆయన కొలువులోని వాడో తెలిసినవారు మీ యింటిలోనే యుండవచ్చును. వారిని ఇప్పుడే యడిగి, ఛాయతోపాటు వ్రాసిపెట్టుడు.