జనం కొలిచిన చామనఛాయ

మే 21 వస్తే ఫిలిప్పీన్స్‌లో ఒక తరం వాళ్ళకి ఇప్పటికీ పండగే. 1953లో ఆ రోజున బికోల్ సీమలో, కమరినెస్ సూర్ ప్రావిన్స్‌లోని ఇరిగాలో నోరా విల్యమాయోర్ పుట్టింది. తనను చేరదీసిన బంధువుల ఇంటిపేరు తెరపేరుగా పెట్టుకుని నోరా ఔనోర్ అయింది. ఆ దేశంలో ఉత్త ‘సూపర్‌స్టార్’ అంటే చాలు, పేరు వేరే చెప్పక్కర్లేదు. 2025 ఏప్రిల్ 16న, ఈస్టర్‌కి ముందు వచ్చే పవిత్ర వారంలో, 71 ఏళ్ళ వయసులో ఆమె కన్నుమూసింది. దేశ వీరుల శ్మశానవాటికలో ప్రభుత్వ లాంఛనాలతో సమాధి చేశారు.

ఆమె గురించి రాసేవాళ్ళందరూ ఇరిగా రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెడతారు. ఆ స్టేషన్‌కి నేనూ వస్తాను గానీ, ముందు చాలా వెనక్కి వెళ్ళాలి. ఒక ఆడమనిషి చుట్టూ జనం గుమిగూడి ఆమె చూపులో, మాటలో దైవాన్ని వెతుక్కోవడం ఆ దీవుల్లో సినిమా కంటే ఎంతో పాత అలవాటు.

స్పెయిన్ వాళ్ళు రాకముందు అక్కడి ఊళ్ళలో బబైలాన్‌లు ఉండేవాళ్ళు. ఎక్కువగా ఆడవాళ్ళే. జాతరనాడు మన గణాచారి పూనకంలో ఊరికి జవాబు చెప్పినట్టే వాళ్ళూ ఆత్మలతో మాట్లాడేవాళ్ళు, రోగాలకు మందిచ్చేవాళ్ళు, పంటల మంచీచెడూ చెప్పేవాళ్ళు. వాళ్ళ గురించి మనకు తెలిసినది చాలావరకు వాళ్ళని మంత్రగత్తెలని తిట్టిపోసిన మతగురువుల రాతల్లోంచే. 1565లో లెగాస్పీ సెబూలో దిగాక 333 ఏళ్ళు స్పెయిన్ పాలన సాగింది. పాత దేవతల స్థానంలోకి మేరీమాత వచ్చింది. నోరా పుట్టిన బికోల్‌లో నాగా పట్నపు పెన్యాఫ్రాన్సియా మాతని ఏటా సెప్టెంబరులో పడవ మీద నదిలో ఊరేగిస్తారు. ఒడ్డున ఇసకేస్తే రాలనంత జనం. పవిత్ర వారంలో క్రీస్తు కష్టాల గాథని రాత్రులంతా రాగం తీసి పాడతారు. నటన, పాట, కన్నీళ్ళు, భక్తి అన్నీ ఒకే చోట కలిసిపోయిన నేల అది.

1897లో మనీలాకు కదిలే బొమ్మలొచ్చాయి. మరుసటి ఏడాది స్పెయిన్ పోయి అమెరికా వచ్చింది. 1919లో హోసె నెపోముసెనో తీసిన ‘దలాగంగ్ బుకిద్’ అక్కడి వాళ్ళే తీసుకున్న తొలి కథాచిత్రం. అది మూకీ. అందుకని కథానాయిక ఆతాంగ్ దె లా రామా సినిమా ఆడే హాలుకి స్వయంగా వెళ్ళి తెర పక్కన నిలబడి పాడేది. తెర మీద బొమ్మా తనే, కింద గొంతూ తనే. ఈ ముచ్చట తెలిసినప్పటి నుంచి ఆమె మీద నాకు అంతులేని ఇష్టం. ఆ తర్వాత జపాన్ ఆక్రమణ, మనీలా నేలమట్టం కావడం, 1946లో స్వాతంత్ర్యం. 1950ల్లో సంపగీత, ఎల్‌వీఎన్ లాంటి స్టూడియోలు రాజ్యమేలాయి. వాటి నాయికల్లో చాలామంది తెల్లగా, పొడుగ్గా, కొనదేలిన ముక్కుతో ఉండేవాళ్ళు. మూడు శతాబ్దాల దొరతనం అందానికి పెట్టిన కొలత అది. తెరకి అటు మెస్తీసా (తెల్లవాళ్ళ నెత్తురు కలిసిన) ముఖాలు, ఇటు టిక్కెట్టు కొన్న చామనఛాయ జనం.

ఇప్పుడు ఇరిగా స్టేషన్. రైలు ఆగగానే కిటికీల దగ్గరికి పరుగెత్తి మంచినీళ్ళమ్మే పొట్టి పిల్ల. ఇంట్లో లేమి. గొంతు మాత్రం వయసుకు మించినది. పాటల పోటీల్లో గెలుస్తూ మనీలా చేరి, 1967లో ‘తవాగ్ నంగ్ తంగ్హాలన్’ అనే పెద్ద పోటీలో నెగ్గింది. సినిమాల్లో మొదట చిన్నాచితకా వేషాలిచ్చారు. ఆ రంగుకి, ఆ ఎత్తుకి అంతకుమించి దొరకవనే అందరూ అనుకున్నారు. మూడేళ్ళు తిరక్కుండానే తిర్సో క్రుజ్‌తో ఆమె జంట దేశాన్ని ఊపేసింది. ‘గై అండ్ పిప్’ అని పిలిచేవాళ్ళు. తిర్సో ఆమెకిచ్చిన ఒక బొమ్మకి మరియా లియొనోరా తెరెసా అని పేరుపెడితే, అభిమానులు దాన్ని ఆ జంట కన్నకూతురిలా చూసుకున్నారు. ఆమె పాడిన ‘పర్లీ షెల్స్’ రికార్డు ఆ దేశంలో అత్యధికంగా అమ్ముడైన వాటిలో ఒకటి. వంటమనుషులు, పనిపిల్లలు, ఫ్యాక్టరీ కూలీలు, కొట్లలో సరుకులమ్మే ఆడపిల్లలు తమలాంటి ముఖం తెర మీద అంత పెద్దదిగా కనిపించడం చూశారు. నోరానియన్లు అని వాళ్ళకి పేరు. ఎదుటి పక్షం విల్మా సాంతోస్ అభిమానులు, విల్మానియన్లు. ఇంట్లో అక్క ఒకవైపు, చెల్లెలు ఇంకోవైపు చేరి గొడవపడేవాళ్ళు.

ఇక్కడితో ఆగిపోయినా ఆమె పెద్ద తారే. కానీ ఇరవై ఏళ్ళు దాటగానే సొంతంగా ఎన్‌వీ ప్రొడక్షన్స్ పెట్టి, పాటల సినిమాల డబ్బుని కష్టమైన కథల్లోకి మళ్ళించింది. 1976లో మారియో ఒహారాతో ‘తత్లోంగ్ తావోంగ్ వలాంగ్ దియోస్’ తీసింది. జపాన్ ఆక్రమణ కాలంలో, తన మీద అత్యాచారం చేసిన సైనికాధికారినే చివరికి ప్రేమించి, ఊరి కోపానికి బలైపోయే పంతులమ్మ రొసారియో ఆమె. అదే ఏడాది ఇంకో సినిమాలో, అమెరికా వెళ్ళాలని కలలుగనే నర్సు. తమ్ముణ్ణి అమెరికా స్థావరం దగ్గర ఒక సైనికుడు కాల్చిచంపి అడవిపంది అనుకున్నానంటాడు. ఒక్క ఏడాదిలో ఆమె రెండు సామ్రాజ్యాల గాయాలని ముఖం మీద మోసింది.

నా దృష్టిలో ఆమె చేసిన అతి సాహసమైన పని 1980లో వచ్చింది. లీనో బ్రోకా దర్శకత్వంలో ‘బోనా’. నిర్మాత నోరాయే. కథ ఒక అభిమానిది. మధ్యతరగతి పిల్ల బోనా చిల్లర వేషాలు వేసే గార్దో అనే నటుడి మీద పిచ్చితో ఇల్లు వదిలి, మురికివాడలో అతని గుడిసెకి చేరి, నీళ్ళు మోసి, కాచి, స్నానం చేయించి, తిట్లు పడుతుంది. సినిమా మనీలాలోని కియాపోలో నల్ల యేసు ఊరేగింపుతో మొదలవుతుంది. విగ్రహం తాకడానికి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడే జనంలో బోనా ముఖం. చివర్లో ఆమె చేతిలో మరుగుతున్న నీళ్ళు. దేశమంతా వెర్రి అభిమానులున్న తార, అభిమానం మనిషిని ఎంతగా తినేస్తుందో తన డబ్బుతో, తన ఒంటితో చూపించింది.

ఈ ప్రశ్నే రెండేళ్ళకి ఇంకా పెద్దదై ‘హిమాలా’ అయింది. హిమాలా అంటే అద్భుతం, మహిమ. ఈ సినిమా దగ్గరికొచ్చాక నాకు తొందరగా ముందుకెళ్ళబుద్ధి కాదు.

మూలం నిజంగా జరిగినదే. 1960ల్లో లుబాంగ్ దగ్గరి కాబ్రా దీవిలో కొందరు పిల్లలు తమకు మేరీమాత కనిపించిందన్నారు. జనం పడవలెక్కి పోయారు. దాని ప్రేరణతో యువ రచయిత రిక్కీ లీ కథ అల్లాడు. ఆ రాత ప్రభుత్వ పోటీలో గెలిచింది. నిర్మించినది ఎక్స్‌పెరిమెంటల్ సినిమా ఆఫ్ ద ఫిలిప్పీన్స్ అనే సర్కారీ సంస్థ. దాన్ని నడిపినది అధ్యక్షుడు మార్కోస్ కూతురు ఈమీ. అది ఎలాంటి కాలమో తెలియాలంటే ఒక్క సంగతి చాలు. 1981 నవంబరులో, మనీలాలో అంతర్జాతీయ చిత్రోత్సవం కోసం హడావుడిగా కడుతున్న ఫిలిం సెంటర్ పైభాగం కూలింది. తడి సిమెంటులో కూలీలు చిక్కుకుని చనిపోయారు. పని ఆగలేదు, జనవరిలో ఉత్సవం జరిగింది. ఆ ప్రభుత్వపు సొమ్ముతోనే, గుడ్డినమ్మకాన్ని, దాని మీద బతికేవాళ్ళని నిలదీసే సినిమా తయారైంది.

దర్శకుడు ఇష్మాయెల్ బెర్నాల్. బడ్జెట్ 30 లక్షల పెసోలు. మార్కోస్‌ల సొంత సీమ ఇలోకోస్ నోర్తేలో, పవాయ్ దగ్గరి ఇసుకదిబ్బల్లో తీశారు. కథలో ఊరి పేరు కూపాంగ్. వానల్లేక ఎండిపోయిన ఊరు. ఎప్పుడో ఒక కుష్ఠురోగిని తరిమేసినందుకు శాపం తగిలిందని పెద్దల నమ్మకం. సూర్యగ్రహణం రోజున ఊరంతా తలుపులు బిగించుకుంటే, దిక్కూమొక్కూ లేక పెంపకానికొచ్చిన ఎల్సా ఒంటరిగా కొండెక్కుతుంది. మోడు చెట్టు దగ్గర తనకు మేరీమాత కనిపించిందంటుంది. మొదట నవ్వుతారు. అరచేతుల్లో రక్తం చూశాక మోకరిల్లుతారు. రోగాలు నయం చేస్తుందని పేరొస్తుంది. బస్సుల్లో జనం దిగుతారు. సీసాల్లో నీళ్ళు, విగ్రహాలు అమ్ముతారు. ఊరొదిలి వెళ్ళిన నీమియా తిరిగొచ్చి సారాకొట్టు, దాంతోపాటు ఆడవాళ్ళ వ్యాపారం తెరుస్తుంది. ఓర్లీ అనే సినిమావాడు కెమెరా పట్టుకుని దిగుతాడు. ఎల్సా మీద, ఆమె నేస్తం చాయోంగ్ మీద దుండగులు అత్యాచారం చేస్తుంటే కళ్ళారా చూసీ ఆపడు. చాయోంగ్ ఉరేసుకుంటుంది. కలరా వస్తుంది. స్వస్థత పొందారనుకున్నవాళ్ళు చస్తారు. జనం ఎంత వేగంగా వచ్చారో అంత వేగంగా వెళ్ళిపోతారు.

అప్పుడు వాన పడుతుంది. ఎల్సా గర్భవతి అన్న కబురు కూడా పాకుతుంది. అత్యాచారం సంగతి ఎవరికీ అక్కర్లేదు. ఇంకో కన్య గర్భం దాల్చిందని చాటుకుంటూ జనం కొండ కిందికి పరుగెత్తుకొస్తారు.

ఆఖరి ఘట్టానికి సుమారు 3,000 మందిని సమీకరించారు. ఎండలో, దుమ్ములో, కుంటివాళ్ళు, గుడ్డివాళ్ళు, ఎత్తుకున్న పసిపిల్లలు. ఆ సముద్రం మధ్య వేదిక మీద చిన్న శరీరం. అలంకారం లేదు. రెండు గంటల సినిమాలో ఎల్సా మాట్లాడింది తక్కువ. ఎక్కువగా ఆ పెద్ద కళ్ళతో శూన్యంలోకి చూసింది. ఇప్పుడు నోరు విప్పి, వణుకుతూ మొదలుపెట్టి, మెల్లగా గొంతు పెంచి, అద్భుతమేమీ లేదని చెబుతుంది. దేవుళ్ళని, శాపాలని, మహిమలని పుట్టించేది మనుషులేనని, ఉన్నదేదైనా మన గుండెల్లోనే ఉందని అరుస్తుంది. గుంపులోంచి ఒక తుపాకీ పేలుతుంది. తొక్కిసలాట. పిల్లలు, ముసలివాళ్ళు కాళ్ళకింద పడతారు. ఎల్సా ప్రాణం పోతుంది. వెంటనే శిష్యురాలు సేపా లేచి ఎల్సాని నమ్మండని పిలుస్తుంది. జనం మోకాళ్ళ మీద కొండెక్కుతూ జపం మొదలుపెడతారు.

ఈ ఘట్టం చూసినప్పుడల్లా నాకు తోచే మాట ఒకటుంది. అక్కడ నిలబడ్డ జనానికి ఆమె ఎల్సా మాత్రమేనా? పదిహేనేళ్ళుగా తనని మొక్కినంత పనిచేసిన ఒక దేశానికి, నాలో ఏ మహిమా లేదు, నేనూ మీలాంటిదాన్నే అని చెప్పే అవకాశం వచ్చింది. దాన్ని ఆమె గుండెలవిసేలా వాడుకుంది. ఏ పెద్ద నటి అయినా ఎల్సాగా బాగా చేసి ఉండవచ్చు. జనం నమ్మకాన్ని అంత బరువుగా మోసిన నటి మాత్రం ఆమే. అందుకే ఆ వేషం ఇంకొకరిది కాలేదు.

సినిమా 1982 క్రిస్మస్‌కి మెట్రో మనీలా చిత్రోత్సవంలో విడుదలైంది. అది ఉత్తమ చిత్రంగా, నోరా ఉత్తమ నటిగా గెలిచాయి. మరుసటి ఏడు బెర్లిన్ పోటీకి వెళ్ళింది. 2008లో సీఎన్ఎన్ పెట్టిన ఓటింగులో ఆసియా-పసిఫిక్ ప్రాంతపు సర్వకాలీన ఉత్తమ చిత్రంగా ప్రేక్షకులు దీన్నే ఎన్నుకున్నారు.

ఆ తర్వాతి నలభై ఏళ్ళని ఒక తాటి మీదికి తేవడం నాకు చేతకావడం లేదు, బహుశా తేకూడదు కూడా. 1986 ఎన్నికల్లో ఆమె మార్కోస్ పక్షాన ప్రచారం చేసింది. కొద్ది వారాలకే ప్రజలు ఆయన్ని దేశం నుంచి తరిమేశారు. ఎంతోమంది అభిమానులకు అది మానని పుండు. 2001లో మాత్రం వీధుల్లోకొచ్చి అధ్యక్షుడు ఎస్ట్రాడా దిగిపోవాలంది. అదే ఏడు సొంత ప్రావిన్స్ గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయింది. విల్మా సాంతోస్ ఏమో బతాంగాస్ గవర్నరై రాజకీయాల్లో నిలదొక్కుకుంది.

1995లో చేసిన సినిమా మాత్రం మనవాళ్ళు తప్పక చూడాలి. సింగపూర్‌లో ఇంటిపని చేసే ఫ్లోర్ కాంటెంప్లాసియోన్‌ని జంట హత్యల కేసులో ఆ ఏడు మార్చి 17న ఉరితీశారు. ఫిలిప్పీన్స్ భగ్గుమంది. నిర్దోషి అని నమ్మినవాళ్ళు లక్షల్లో. కొన్ని నెలల్లోనే జోయెల్ లమాంగన్ సినిమా తీస్తే, ఫ్లోర్‌గా నోరా కైరోలో ఉత్తమ నటి అయింది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్ వెళ్ళిన మన ఆడవాళ్ళు ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళతో పక్కపక్కనే వంటిళ్ళలో పనిచేస్తున్నారు. జైలు ములాఖాత్‌లో పిల్లల ముందు కూర్చున్న ఆ తల్లి ముఖం వాళ్ళ ఇళ్ళలో ఎవరికీ పరాయిది అనిపించదు.

తర్వాత అమెరికాలో గడిపిన ఏళ్ళు, అక్కడ మాదకద్రవ్యాల కేసు, అది కొట్టివేయడం. 2010లో ఒక శస్త్రచికిత్స వికటించి పాడే గొంతు పోయింది. నీళ్ళమ్మే పిల్లని మనీలా చేర్చిన గొంతు అది. ఇక అయిపోయిందనుకున్నారు. 2012లో బ్రిల్యాంతె మెందోసా ‘దై ఊంబ్’లో, తవీ-తవీ సముద్రం మీద బతికే బజావ్ తెగ మంత్రసాని షలేహాగా తిరిగొచ్చింది. ఊళ్ళో అందరి పురుళ్ళూ పోసినా తనకు పిల్లల్లేని షలేహా, భర్తకి ఇంకో పెళ్ళాన్ని తనే వెతికిపెడుతుంది. మాటలు చాలా తక్కువ. వెనిస్‌లో విమర్శకుల పురస్కారం, ఆసియా ఫిలిం అవార్డు వచ్చాయి.

దేశం మాత్రం ఆలస్యం చేసింది. జాతీయ కళాకారుల జాబితాలోంచి 2014లో అధ్యక్షుడు అకీనో ఆ మాదకద్రవ్యాల కేసుని చూపి ఆమె పేరు తీసేశాడు. 2018లోనూ ఆ గౌరవం రాలేదు. 2022 జూన్‌లో వచ్చింది, ‘హిమాలా’ రాసిన రిక్కీ లీతో పాటు. ఎనిమిదేళ్ళు అలా ఆపడం అన్యాయమని నేను గట్టిగానే అంటాను. వ్యక్తిగత జీవితానికి మార్కులు వేసి కళని కొలవడం ఏ ప్రభుత్వానికీ తగదు.

ఆమె సినిమాలు 170కి పైనే. మొదటిసారి చూడబోయేవాళ్ళకి నేను ‘హిమాలా’ చూపించను. ముందు ‘బోనా’ చూడమంటాను. ఏళ్ళ తరబడి మంచి ప్రింటు దొరకని ఆ సినిమాని బాగుచేసి 2024లో కాన్ చిత్రోత్సవపు క్లాసిక్స్ విభాగంలో వేశారు. అప్పటికి నోరా బతికే ఉంది.