అర్జీ భాష - ఇంటి స్థలం చరిత్ర

మన సాహిత్య చరిత్రల్లో శాసనాలకు చోటుంది, కైఫీయతులకు చోటుంది, లేఖలకూ చోటుంది. అర్జీకి మాత్రం లేదు. చదువురాని కూలిమనిషి తన జీవితకాలంలో వేలిముద్ర వేసి ప్రభుత్వానికి పంపుకునే రచన బహుశా అదొక్కటే. ఈపూరు ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా నేను రాసిపెట్టిన అర్జీల్లో ఎక్కువ భాగం ఇంటి స్థలం కోసం రాసినవే. ఆ భాష ఎక్కడినుంచి వచ్చింది, దాని వెనుక ఏ సామాజిక సంబంధాలున్నాయి అన్నది పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పల్లెలో ఇంటి స్థలమంటే తలదాచుకునే చోటు మాత్రమే కాదు. కూలివాడి గుడిసె ఎవరి దొడ్లో ఉంటే అతని శ్రమమీద వారిదే పెత్తనం. కూలి పెంచమన్న మర్నాడే గుడిసె ఎత్తెయ్యమంటారు. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ దళితుల స్థితిగతులపై రాసిన నివేదికలో ఇంటి స్థలానికీ కట్టుబానిసత్వానికీ ఉన్న ఈ ముడిని గుర్తించాడు. 1920లలో మద్రాసు ప్రభుత్వ లేబర్ కమిషనర్ శాఖ దళితులకోసం స్థలాలు సేకరించి, ఆ సొమ్మును వాయిదాలమీద వారి దగ్గరే వసూలు చేసుకుంది. అంటే ఇంటి స్థలం భూస్వామి పట్టు సడలించే సాధనమని వలస ప్రభుత్వానికి తెలుసు. శిస్తు కట్టేది భూస్వామి కనుక ఆ పట్టును పూర్తిగా వదిలించే సాహసం మాత్రం చెయ్యలేదు.

స్వాతంత్ర్యానంతరం పథకాలకు కొదవలేదు. 1975 జూలైలో ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో భూమిలేని పేదలకు ఇళ్ల స్థలాలు ఒక అంశం. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985-86లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ, 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చాయి. అర్జీ నడిచే దారి కూడా మారింది. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. 1985లో మండలాలు వచ్చాయి. 2019లో గ్రామ సచివాలయం వచ్చింది. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడి, కలెక్టరు గుంటూరు నుంచి నరసరావుపేటకు దగ్గరయ్యాడు. కరణంగారి అరుగు ముందు నిలబడ్డ మనిషి మనవరాలు ఇవాళ కంప్యూటరు ముందు నిలబడుతోంది.

మరి అర్జీ మారిందా? 'మహారాజరాజశ్రీ' పోయి 'గౌరవనీయులైన' వచ్చింది. ముగింపు మాత్రం మారలేదు: 'దయతో ఇప్పించ ప్రార్థన.' ప్రభుత్వ పరిభాష చూడండి. 'లబ్ధిదారు' - సంస్కృత శబ్దానికి పారశీక ప్రత్యయం తగిలించి చేసిన మాట. పొందేవాడని దాని అర్థం. అదే ప్రత్యయంతో 'హక్కుదారు' అన్న మాట కూడా భాషలో ఉంది. జాబితాకు పేరు పెట్టేటప్పుడు ఆ రెండో మాట ఎవరికీ గుర్తుకు రాలేదంటే అది యాదృచ్ఛికం కాదు. దళితుల ఇళ్లకోసం భూసేకరణ చేయటాన్ని భూమి యజమానులు సవాలు చేసిన చమేలీ సింగ్ కేసులో, 1995లో, సుప్రీంకోర్టు నివాసం జీవించే హక్కులో భాగమని చెప్పింది. తీర్పులోకి వచ్చిన హక్కు అర్జీలోకి రాలేదు.

ఈ దృష్టితో చూస్తే మన పొరుగునున్న వినుకొండలో పుట్టిన జాషువా 'గబ్బిలం' కొత్తగా అర్థమవుతుంది. దాన్ని సందేశకావ్యమని పాఠం చెబుతాం. వాస్తవానికి అదొక అర్జీ. గుడి గడప తొక్కే అర్హత లేనివాడు కాశీ విశ్వనాథుడికి తన మొర పంపుకోవాలి. గుడిలోకి ప్రవేశమున్నది గబ్బిలానికి. కార్యాలయంలో కూర్చునే అర్హత లేనివాడికి మధ్యవర్తి కావాలన్న సత్యాన్ని జాషువా కావ్యవస్తువు చేశాడు.

స్థలం ఇవ్వటంతో కథ ముగియదు. 2020 డిసెంబరు 25న 30 లక్షలకు పైగా పట్టాల పంపిణీ మొదలైనప్పుడు, గ్రామాల్లో ఒక్కొక్కరికి సెంటున్నర అన్నారు. అంటే దాదాపు 72 గజాలు. ఇందులో గేదెను ఎక్కడ కట్టెయ్యాలి? వామి ఎక్కడ వెయ్యాలి? కూలితోపాటు పాడిమీద కూడా బతికే కుటుంబానికి ఇల్లంటే నాలుగు గోడలు కాదు, దొడ్డి కూడా. పథకం ఇచ్చింది పడుకునే చోటు, బతికే చోటు కాదు. మరోవైపు, 1985 జూలైలో కారంచేడు హత్యాకాండ తర్వాత దళితులు ఊరు వదిలి చీరాలలో నిలదొక్కుకున్నారు. భూస్వాముల నీడ పడని నేల ఎంత చిన్నదైనా దాని విలువ ఏమిటో ఆ నిర్ణయం చెబుతుంది. సెంటున్నరను విమర్శించేవారు ఈ రెండో సత్యాన్ని మరవకూడదు.

ఒకసారి ఒక అర్జీలో 'ప్రార్థన' కొట్టేసి 'మా హక్కు' అని రాశాను. చదివి వినిపిస్తే ఆమె ఒప్పుకోలేదు. "వద్దు మేష్టారూ, హక్కంటే వాళ్లకు కోపమొస్తది. ప్రార్థన అనే రాయండి. ముందు స్థలం రానీయండి" అంది. ఆమెది అజ్ఞానం కాదు, అనుభవం. పదం మార్చినంత మాత్రాన సంబంధం మారదు. ఆమె అడిగినట్టే రాసిచ్చాను.

కానీ ఆ భయం ఆమె ఒక్కదానిది కాదు. పదిమంది కలిసి సంతకాలు పెట్టిన అర్జీలో 'ప్రార్థన' దానంతటదే 'డిమాండు'గా మారటం మనం చూస్తూనే ఉన్నాం. ఒంటరి మనిషి భాష వేరు, సంఘం భాష వేరు. సాహిత్య విద్యార్థులు తమ ఊళ్లలోని పాత అర్జీల నకళ్లు సేకరించాలి. ఏ దశాబ్దంలో, ఏ పోరాటం తర్వాత ఏ క్రియాపదం మారిందో పరిశీలించాలి. ప్రజల వచనం చరిత్ర రాయదలచినవారికి అంతకు మించిన ఆధారం దొరకదు.