ఫైలు పేరులో వెర్షన్ సంఖ్య: సికింద్రాబాద్ రిజర్వేషన్ వ్యవస్థ నేపథ్యం

రైల్వే టికెట్ల కంప్యూటరీకరణ మన దేశంలో 1985లో ఢిల్లీలో మొదలైంది. సిఎంసి సంస్థ రూపొందించిన ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఇంప్రెస్. దీనిని ఇతర నగరాలకు విస్తరించినా ఏ కేంద్రానికి ఆ కేంద్రం విడిగానే పనిచేసేది. ఈ లోపాన్ని తొలగించడానికి రైల్వేలకు చెందిన క్రిస్ సంస్థ కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది. 1994లో దానిని మొదట అమలుపరచిన చోటు సికింద్రాబాద్. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ అనుసంధానమయ్యాయి.

ఈ సాఫ్ట్‌వేర్ విఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌పై నడిచింది. దీనిని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1977లో వాక్స్ కంప్యూటర్‌తోపాటు ప్రకటించింది. విఎంఎస్‌లో ప్రతి ఫైలు పేరు చివర సెమికోలన్, ఆపైన ఒక సంఖ్య ఉంటాయి. ఫైలును మార్చి భద్రపరిస్తే పాతది చెరిగిపోదు. 1 పక్కన 2, 2 పక్కన 3 చేరతాయి. సంఖ్య చెప్పకుండా పేరు మాత్రమే ఇస్తే అన్నిటికన్నా పెద్ద సంఖ్య గల ఫైలు తెరుచుకుంటుంది. ఈ సంఖ్య 32767 వరకు పోగలదు. డిస్కు నిండినప్పుడు పర్జ్ ఆదేశంతో పాతవాటిని తొలగిస్తారు. పొరపాటున ఫైలును పాడుచేసుకున్నవారికి ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఇక్కడ ఒక భేదాన్ని మీరు గమనించాలి. సెమికోలన్ తరువాతి సంఖ్య ఫైలు ఎన్నోసారి తయారైందో చెబుతుందే తప్ప, కొత్త లైబ్రరీతో పాత ప్రోగ్రాము పనిచేస్తుందో లేదో చెప్పదు. అనేక ప్రోగ్రాములు కలసి వాడుకొనే లైబ్రరీకి ఈ రెండో ప్రశ్నే ప్రధానం. లైబ్రరీలోని ఒక ఫంక్షన్‌కు ఇవ్వవలసిన విలువల వరుస మారిందనుకోండి. పాత ప్రోగ్రాము పాత వరుసలోనే విలువలు పంపుతుంది. ప్రోగ్రాము ఆగిపోతే తప్పు బయటపడుతుంది. ఆగకుండా తప్పుడు ఫలితమిస్తే ఎవరికీ తెలియదు. బెర్తులు కేటాయించే వ్యవస్థలో రెండోదే ఎక్కువ ప్రమాదకరం.

అందుకే విఎంఎస్ లైబ్రరీ ఫైలు లోపల మరో రెండు సంఖ్యలను ఉంచింది: ప్రధాన సంఖ్య, ఉప సంఖ్య. సాధారణంగా ఎంచుకొనే నియమం ప్రకారం ప్రధాన సంఖ్యలు సమానంగా ఉండాలి. లైబ్రరీ ఉప సంఖ్య, ప్రోగ్రాము తయారైనప్పటి దానికన్నా తక్కువ కాకూడదు. సరిపోకపోతే ప్రోగ్రాము మొదలే కాదు.

యునిక్స్‌లో మాత్రం ఈ సంఖ్య ఫైలు పేరులోకే వచ్చింది. 1988 నాటి సన్ ఓఎస్ 4.0లో సి లైబ్రరీ పేరు చివర ప్రధాన, ఉప సంఖ్యలు రెండూ కనిపిస్తాయి. తరువాతి పద్ధతిలో ప్రోగ్రాము ప్రధాన సంఖ్య గల పేరునే అడుగుతుంది. ఫలితంగా పాతది, కొత్తది ఒకే డైరెక్టరీలో పక్కపక్కన ఉండగలవు. విఎంఎస్ తప్పును ఆపగలిగింది. యునిక్స్ రెండు తరాల ప్రోగ్రాములనూ నడవనిచ్చింది. నా దృష్టిలో ఇది మెరుగైన ఏర్పాటు.

లైనక్స్‌లో సి లైబ్రరీ 1997 ప్రాంతంలో 5 నుంచి 6కు మారినప్పుడు రెండింటినీ కలిపి ఉంచుకున్న కంప్యూటర్లు అనేకం. ఆ తరువాత ఆ లైబ్రరీ ఎన్నోసార్లు కొత్తగా విడుదలైనా పేరులోని 6 మాత్రం 7 కాలేదు. మారిన ఫంక్షన్ల పాత రూపాలను అదే ఫైలులో వేర్వేరు వెర్షన్ గుర్తులతో ఉంచుతున్నారు.