సగంలో ఆగిన ఓడలు

మీ ట్రంకుపెట్టె అడుగున సగం అల్లిన స్వెట్టరు ఒకటి ఉందా? సూదులు దానికే గుచ్చి ఉన్నాయా? ఎవరికోసం మొదలెట్టారో ఆ పిల్లాడికి ఇప్పుడు మీసాలొచ్చి ఉంటాయి కూడాను. సిగ్గుపడాల్సిందేం లేదు. ప్రతి ఇంట్లోనూ ఉండేదే. "ఆంధ్రులు ఆరంభశూరులు" అని మనని మనమే తిట్టుకుంటాం గాని, ఆ బిరుదు మన ఒక్కళ్ళకే కట్టబెట్టడం అన్యాయం. ఇంగ్లీషువాళ్ళూ, అమెరికావాళ్ళూ, జపానువాళ్ళూ కూడా ఆ పోటీలో మనకి తీసిపోరు. అందుకు సాక్ష్యం వాళ్ళ ఇళ్ళల్లో పేరుకుపోయిన బొమ్మల పెట్టెలే.

ఆ పెట్టెలు మీరూ చూసే ఉంటారు. పైన విమానమో, ఓడో, యుద్ధపు ట్యాంకో రంగురంగుల బొమ్మ. లోపల బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు, ఒక చట్రానికి అంటుకుని, చెట్టుకి కాయల్లా. వాటిని ఒక్కొక్కటే తుంచి, అరగదీసి, జిగురుతో అతికి, రంగులు వేసుకుంటే అసలు ఓడకి అచ్చుగుద్దినట్టుండే చిన్న ఓడ తయారవుతుంది. తయారైతే! నూటికి ఎన్ని తయారవుతాయో ఆ భగవంతుడికే ఎరుక. సగంలో వదిలేసిన వాటిని పెట్టుకునే అరకి ఇంగ్లీషులో వాళ్ళు ముద్దుగా ఒక పేరు కూడా పెట్టుకున్నారు. "షెల్ఫ్ ఆఫ్ డూమ్". మన భాషలో అయితే "గోవిందా అర" అనుకోవచ్చు.

ఈ సరదా ఎక్కణ్ణించి వచ్చిందా అని చూస్తే కథ తమాషాగా ఉంది. 1932లో ఇంగ్లండులో "స్కైబర్డ్స్" అనే పేరుతో చెక్క విమానాల కిట్లు వచ్చాయి. ఆరడుగులని ఒక అంగుళానికి కుదించేశారు. అంటే ఆరడుగుల మనిషి మీ బొటనవేలి మొదటి కణుపంత అవుతాడన్నమాట. 1936 ఆఖర్లో "ఫ్రాగ్" అనే కంపెనీవాళ్ళు అదే కొలతలో ప్లాస్టిక్‌తో కిట్లు చేశారు. వాళ్ళ అసలు వ్యాపారం ఎగిరే బొమ్మ విమానాలు. ఈ ప్లాస్టిక్‌వేమో ఎగరవు. అందుకని వీటికి "పెంగ్విన్" అని పేరు పెట్టారు. రెక్కలుండీ ఎగరని పక్షి కదా! పేరు పెట్టినవాడి బుర్ర మెచ్చుకోవలసిందే.

తరవాత వచ్చింది "ఎయిర్‌ఫిక్స్". 1939లో నికొలస్ కోవ్ అనే హంగరీ దేశస్థుడు లండన్‌లో పెట్టిన కంపెనీ. మొదట గాలి ఊదే రబ్బరు బొమ్మలు చేశారు. యుద్ధం అయ్యాక దువ్వెనలు చేశారు. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు కంపెనీ తమ అమ్మకందార్లు పట్టుకు తిరగడానికి బుల్లి ట్రాక్టర్లు చేసిపెట్టమంది. అన్ని చిన్న ముక్కలూ మనుషుల్ని పెట్టి అతికించడమంటే ఖర్చుతో కూడిన పని. అందుకని జనానికి అమ్మేటప్పుడు ముక్కలు ముక్కలుగానే అమ్మేశారు. అతుక్కోవడం నీ తంటా అన్నమాట! 1952లో డ్రేక్ దొర ఓడ "గోల్డెన్ హైండ్" చేశారు. వూల్‌వర్త్ దుకాణాలవాళ్ళు రెండు షిల్లింగులకి అమ్ముడుపోవాలని పట్టుబడితే, పెట్టె మానేసి సంచీలో పోసి, పైన కాగితం మడిచి కుట్టి ఇచ్చారు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ సరదా అంతా మొదలైందే ఒక కంపెనీ పూర్తిచెయ్యడం భారమనుకున్న పనిని మన నెత్తిన పెట్టడంతో. మరి మనం మాత్రం పూర్తిచెయ్యలేదని ఏడవడం దేనికీ?

ఎక్కడ ఆగిపోతారో కూడా అందరికీ తెలిసిందే. మొదటిరోజు ఉత్సాహంగా విమానం పొట్ట అతుకుతారు. ఆ జిగురు మామూలు బంక కాదు. ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి రెంటినీ ఒకటి చేసేస్తుంది. వేలికి అంటుకుని అద్దం మీద పడిందా, వేలిముద్ర శాశ్వతం. ఇంక దాన్ని చూస్తే మనసు విరిగిపోతుంది. రెండో మజిలీ రంగులు. పెట్టె మీద చిత్రకారుడు మేఘాలూ, మంటలూ, పొగా వేసి ఆకాశమంత ఆశ పెట్టేస్తాడు. మన చేతిలో ఉన్నదేమో చీమిడి కారినట్టున్న బూడిదరంగు విమానం. తెరచాప ఓడలైతే మూడో మజిలీ ఒకటుంది, తాళ్ళు కట్టడం. అక్కడ వదిలేసినవాళ్ళే ఎక్కువమంది.

ఆ తాళ్ళ దగ్గర ఎందరినో ఏడిపించిన ఓడ పేరు "కట్టీ సార్క్". అమెరికాలో రెవెల్ కంపెనీ 1959లో దీని కిట్ తెచ్చింది. ఎనిమిదడుగులు ఒక అంగుళం చొప్పున, పూర్తయితే మూడడుగుల పొడుగు. అసలు ఓడకి కట్టిన తాళ్ళన్నీ విప్పి పరిస్తే సుమారు 11 మైళ్ళుంటాయి. బుల్లి ఓడకి గూడా గజాలకొద్దీ దారం పడుతుంది.

అన్నట్టు ఆ పేరుకి అర్థం తెలుసా? స్కాట్లండ్ యాసలో పొట్టి లోపలి చొక్కా! రాబర్ట్ బర్న్స్ "టామ్ ఒ షాంటర్" అనే పద్యంలో ఒక పడుచు మంత్రగత్తె వేసుకునే పొట్టి షిమ్మీ అది. ఓడ ముందుభాగాన ఆవిడ బొమ్మే చెక్కి పెట్టారు, చేతిలో గుర్రం తోకతో సహా. మగవాళ్ళ ఓడకి ఆడదాని షిమ్మీ పేరు పెట్టిన ఘనత దొరలదే.

అసలు విశేషం అది కాదు. ఈ ఓడ పుట్టుకలోనే ఉంది. చైనానుంచి తేయాకు వేగంగా తెచ్చే ఓడ ఒకటి కావాలని జాన్ విల్లిస్ అనే ఓడల యజమాని, డంబార్టన్ ఊళ్ళో స్కాట్ అండ్ లింటన్ అనే చిన్న కంపెనీకి పని అప్పజెప్పాడు. టన్నుకి 17 పౌన్ల చొప్పున గట్టి బేరం. పని నాణ్యంగా ఉండి తీరాలని అజమాయిషీ కూడా గట్టిదే. పాపం, డబ్బు చాలక ఆ కంపెనీ ఓడ పూర్తికాకుండానే దివాలా తీసింది. మిగిలిన పని విలియం డెన్నీ కంపెనీవాళ్ళు చేపట్టారు. 1869 నవంబరు 22న కెప్టెన్ మూడీగారి భార్య చేతులమీదుగా ఓడ నీళ్ళలోకి దిగింది. తరవాత డెన్నీవాళ్ళ రేవుకి లాక్కెళ్ళి తెరచాప స్తంభాలు నిలబెట్టారు. ఆపైన గ్రీనక్‌కి తీసుకెళ్ళి తాళ్ళు కట్టారు. చూశారూ! మొదట పట్టిన చెయ్యి ఒకటి, స్తంభాలు నిలిపిన చెయ్యి మరొకటి.

ఇంకో చిత్రం. ఓడ నీళ్ళలోకి దిగడానికి అయిదురోజుల ముందే సూయజ్ కాలువ తెరిచారు. ఆవిరి ఓడలు దగ్గరదారిన పోయి తేయాకు తేసాగాయి. దేనికోసం కట్టారో ఆ పనే దీనికి కొన్నేళ్ళలో లేకుండా పోయింది. అప్పుడు ఆస్ట్రేలియానుంచి ఉన్ని మోసి పేరు తెచ్చుకుంది. 1895లో పోర్చుగీసువాళ్ళకి అమ్మేశారు, పేరు మారిపోయింది. 1922లో విల్‌ఫ్రెడ్ డౌమన్ అనే కెప్టెన్, కుర్రతనంలో ఆ ఓడ పరుగు చూసి మనసు పారేసుకున్నవాడు, వెతికి కొని బాగుచేయించాడు. ఆయన పోయాక ఆయన భార్య కేథరిన్, 1938లో దాన్ని నావికుల బడికి ఇచ్చేసింది. 1954లో గ్రీనిచ్ చేర్చి, 1957లో జనం చూడ్డానికి తెరిచారు. 2007 మే 21న మంటలంటుకున్నాయి. చెత్త పీల్చే యంత్రం ఒకటి ఆపకుండా వదిలెయ్యడమే కారణం కావచ్చని తేల్చారు. (గాస్ కట్టేశామా లేదా అని వీధి చివరనుంచి వెనక్కొచ్చే మనకి ఆ బెంగ తెలుసు.) ఎంత అదృష్టమో చూడండి. మరమ్మతుకోసం అప్పటికే స్తంభాలూ, పలకలూ చాలావరకు విప్పి వేరేచోట దాచారు. ముక్కలుగా ఉండబట్టే బతికింది! 2012 ఏప్రిల్‌లో మళ్ళీ తెరిచారు.

ఈ కథంతా నేను కూర్చుని చదవడానికి కారణం మా మరిది.

ఆయన సరుకుల ఓడల మీద పనిచేసేవాడు. 1979లో సింగపూరునుంచి ఈ కట్టీ సార్క్ పెట్టె పట్టుకొచ్చాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా విశాఖపట్నంలో మా వరండాలో పాత పేపరు పరుచుకుని కూర్చునేవాడు. "వదినా, మీ కుట్టుసూది ఒకటి ఇటివ్వండి" అని అడిగి నా సూదులన్నీ ఎత్తుకుపోయేవాడు. ఓడ పొట్ట అయింది, పైతట్టు అయింది, ముందు స్తంభానికి సగం తాళ్ళు పడ్డాయి. 1984లో గుండెపోటుతో పోయాడు. అప్పటికి ఆయనకి ముప్ఫయ్యెనిమిదేళ్ళు. కూతురికి నాలుగు.

ఎవరైనా ఆ పెట్టె తీసేద్దామంటే మా అత్తగారు ఒప్పుకునేది కాదు. "వాడు సగంలో లేచి వెళ్ళాడు, ఉండనీండి" అనేది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అటక మీద అలాగే ఉంది. 2019లో ఇల్లు మారుతుంటే మా మరిది కూతురు దించింది. దారం పట్టుకుంటే పొడైపోయింది. రంగు డబ్బాలు రాళ్ళయిపోయాయి. ప్లాస్టిక్ మాత్రం చెక్కు చెదరలేదు. పొట్ట మీద జిగురు బొట్లూ, ఒకచోట బొటనవేలి ముద్రా స్పష్టంగా ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇదంతా గీకేసి, మళ్ళీ నీట్‌గా రంగు వేసి మొదటినుంచీ చేస్తాను" అంది. చెయ్యగలదు కూడా. ఇంజనీరు పిల్ల. నేను డెన్నీవాళ్ళ కథ చెప్పాను. వాళ్ళొచ్చి లింటన్ కట్టిన పొట్ట విప్పలేదమ్మా, దాని మీదే స్తంభాలు నిలబెట్టారు అన్నాను. అది చాలాసేపు ఆ వేలిముద్ర కేసి చూస్తూ కూర్చుంది. వాళ్ళ నాన్న ఫొటోలు నాలుగున్నాయి, గొంతు ఎక్కడా లేదు. చేతి గుర్తు ఇదొక్కటే. మర్నాడు బజారుకెళ్ళి దారం తెచ్చుకుంది. పొట్ట ముట్టుకోలేదు. తాళ్ళు మాత్రం తనే కడుతోంది, తీరికున్న ఆదివారాల్లో. నేను ముళ్ళు బిగించిపెడుతుంటాను. ఇప్పటికి రెండు స్తంభాలయ్యాయి.

ఈమధ్య అమెరికా పరిశోధకులు ముగ్గురు దీని మీద కూడా ఒక పరీక్ష చేశారు. 2012లో అచ్చయింది. మన చేత్తో చేసుకున్న పెట్టె అయినా, కాగితపు బొమ్మ అయినా మనకి ఎక్కువ విలువగా కనిపిస్తుందట, కాని పని పూర్తయితేనే. సగంలో ఆగిపోతే ఆ మమకారం నిలబడదట. చేసినవాడి సంగతి అంతే కావచ్చు. కాని ఆ పరీక్షలో, చేసినవాడు లేచి వెళ్ళాక ఆ ఇంట్లో మిగిలిన అమ్మనీ, కూతుర్నీ అడిగినట్టు లేదు.

ఇంతా చెప్పి పనికొచ్చే మాట నాలుగు ముక్కలు చెప్పకపోతే బావుండదు. మీ అబ్బాయి ఏ డాలస్‌కో వెళ్ళిపోయి, బీరువా మీద ఇలాంటి పెట్టెలు వదిలేసి ఉంటే, చెత్తలో వెయ్యకముందు ఒక్కసారి అడగండి. అసలు విప్పని పెట్టెలైతే జాగ్రత్త చెయ్యండి. సేకరించేవాళ్ళు కట్టిన బొమ్మకన్నా కట్టని పెట్టెకే ఎక్కువిస్తారు. సగం చేసినదాన్ని కొనేవాళ్ళు తక్కువ. కాని పక్కింటి కుర్రాడు సంతోషంగా పట్టుకుపోతాడు, పనికొచ్చే చక్రాలూ రెక్కలూ పీక్కుంటాడు. మెత్తటి రబ్బరులాంటి చక్రాలుంటే విడిగా పొట్లం కట్టండి. ఏళ్ళ తరబడి ఆని ఉంటే పక్కనున్న ప్లాస్టిక్‌ని తినేస్తాయి. అతికించే అక్షరాల కాగితం పసుపు పచ్చబడితే పారెయ్యకండి, కొన్నాళ్ళు కిటికీ అద్దానికి అంటించి ఎండ తగలనిస్తే తెల్లబడుతుంది. తయారుచేసే విధానం ఉన్న కాగితం పెట్టెలోనే ఉంచండి. అది పోతే మిగిలినవి ఉత్త ముక్కలే.

దాచదల్చుకుంటే మాత్రం, లోపల ఒక చీటీ పెట్టండి. ఎవరు మొదలుపెట్టారు, ఏ సంవత్సరం, ఎంతదాకా వచ్చింది. మూడు ముక్కలు చాలు. తరవాత పట్టుకోబోయే చేతికి, ఎక్కణ్ణించి మొదలెట్టాలో, ఏది ముట్టుకోకూడదో తెలుస్తుంది. ఆ చీటీ రాసే చేత్తోనే ట్రంకుపెట్టెలో స్వెట్టరుకి కూడా ఒకటి రాసి గుచ్చండి.