సుహైలీ అనే పడవ

పాతవస్తువుల మీద మనకున్న గౌరవం విచిత్రమైనది. అది ముదిరితే వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తాం. అలా దాచిపెట్టదగనివి కూడా కొన్ని ఉన్నాయని చెప్పడానికి ఒక పడవ కథ మనవి చేస్తాను.

దాని పేరు సుహైలీ. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలలో అధికారిగా ఉన్న రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే ఆంగ్ల యువకుడు 1963లో బొంబాయిలో దాని నిర్మాణం మొదలుపెట్టించాడు. కోరిన నమూనా ఒకటి, టపాలో వచ్చినది మరొకటి. వచ్చినదానితోనే సరిపెట్టుకున్నారు. 32 అడుగుల పొడవు, రెండు తెరచాప కొయ్యలు, మేలైన టేకు పలకలు. బొంబాయి వడ్రంగులు బాడిసతో చెక్కి, తాడు చుట్టి తిప్పే బరమాతో తొలిచి, చేతిపనిగానే దానిని నిలబెట్టారు. 1964లో కొబ్బరికాయ కొట్టి నీటిలోకి దింపారు.

పారశీక సింధుశాఖలో తిరిగే అరబ్బు నావికులు ఆగ్నేయం నుంచి వీచే ఒకానొక గాలిని సుహైలీ అంటారు. దక్షిణాకాశంలో ఉజ్జ్వలంగా వెలిగే ఒక నక్షత్రం వారికి సుహైల్. మనకు అదే అగస్త్యుడు. సముద్రాన్ని ఆపోశన పట్టిన మునిని తలపించే పేరు ఒక సముద్రనౌకకు అమరడం యాదృచ్ఛికమే అయినా, తెలుగు చదువుకున్నవాడికి ముచ్చట గొలుపుతుంది.

1968లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూప్రదక్షిణ చేసేవారికి ఒక ఆంగ్ల పత్రిక పోటీ ప్రకటించింది. రాబిన్ కొత్తగా పెద్ద ఉక్కు పడవ కట్టించుకోవాలనుకున్నాడు. డబ్బు పుట్టలేదు. చివరకు, అప్పటికే బొంబాయినుంచి ఇంగ్లండు దాకా ప్రయాణించిన సుహైలీయే గతి అయింది. జూన్ 14న ఫాల్మత్ రేవు విడిచాడు. అట్లాంటిక్‌లోనే పడవ అడుగున పలకల సందులు నీరు పట్టసాగాయి. అతడు సముద్రంలోకి దూకి, నీటి అడుగున ఊపిరి బిగపట్టి, ఆ సందుల్లో దూది కూరి, పైన రాగిరేకు తాపడం చేశాడు. పిమ్మట రేడియో మూగవోయింది. చుక్కానిని తనంతట తిప్పే యంత్రం విరిగింది. అయినా 1969 ఏప్రిల్ 22న అదే రేవుకు తిరిగివచ్చాడు. బయలుదేరినవారు తొమ్మండుగురు, ప్రదక్షిణ ముగించినవాడు అతడొక్కడే. తనకు దక్కిన 5,000 పౌండ్ల బహుమతిని, ఆ పందెంలోనే అసువులు బాసిన డొనాల్డ్ క్రోహర్స్ట్ కుటుంబానికి ఇచ్చివేశాడు.

కథ ఇక్కడితో ముగిస్తే వీరగాథ అవుతుంది. నాకు నచ్చినది తరువాతి భాగం. సుహైలీని గౌరవంగా గ్రీనిచ్ సముద్ర సంగ్రహాలయంలో నిలిపారు. వాన లేదు, ఎండ లేదు, అల లేదు. ఆ పొడిగాలికి పలకలు ఎండి కుంచించుకుపోసాగాయి! మహాసముద్రాలు చేయలేని చెరుపు భద్రత చేసింది. రాబిన్ దానిని బయటకు తెచ్చి, మేకులు మార్చి, పలకలు సరిచేసి, 2016లో మళ్ళీ నీటిలోకి దింపాడు. యాభైయేళ్ళు నిండిన 2018 జూన్ 14న ఫాల్మత్‌లో అది తిరిగి తెరచాప ఎత్తింది.

టేకు పలక నీరు తాగి ఉబ్బుతుంది. అప్పుడే సందులు మూసుకుంటాయి. దాని ఆయువు తడిలో ఉంది. మన ఇళ్ళలో అటకమీద భద్రంగా ఉన్న నిఘంటువులకూ, ప్రబంధాలకూ వేలి తడి తగిలి ఎన్నాళ్ళయిందో! ఈ పూట ఒకటి కిందికి దించుదామా?