బోనం నుండి ప్రయోగశాల దాకా: సికింద్రాబాదు నేపథ్యంలో పసుపు గుణాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పసుపునకు సూక్ష్మజీవులను అరికట్టే గుణం, ఆక్సీకరణాన్ని నిరోధించే గుణం ఉన్నాయని ఆధునిక విజ్ఞానం గుర్తించింది. తెలుగువారి ఆచారాల్లో పసుపు వాడుకకు ఈ గుణాలే కారణమనే వాదం నేడు విస్తృతంగా ప్రచారంలో ఉంది. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాల ఐతిహ్యం, కర్కుమిన్ పరిశోధన చరిత్ర, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అధ్యయనాలు, పసుపు పేటెంటు వివాదం ఆధారంగా ఈ వాదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పసుపు, కర్కుమిన్, బోనాలు, గత్తర, సంప్రదాయ విజ్ఞానం, పేటెంటు, వైద్యవాఙ్మయం.

ఉపోద్ఘాతం

గడపకు పసుపు రాయడం, పెండ్లికి ముందు పసుపు దంచడం, కొత్త బట్టల అంచుకు పసుపు పెట్టడం, అమ్మవారు పోసి తగ్గినవారికి వేపాకు పసుపు కలిపి స్నానం చేయించడం తెలుగునాట తరతరాలుగా వస్తున్న ఆచారాలు. వీటన్నిటి వెనుక పూర్వికులకు తెలిసిన సూక్ష్మక్రిమిశాస్త్రం దాగి ఉందని చెప్పడం నేడు ఉపన్యాసాలకే పరిమితం కాలేదు. జానపద విజ్ఞానంపై వెలువడే వ్యాసాలు కూడా ఈ మాటను నిరూపితమైన సత్యంగా స్వీకరిస్తున్నాయి. ఇందులో రెండు వేరు వేరు ప్రతిపాదనలు కలిసిపోయి ఉన్నాయి. పసుపునకు ఆ గుణం ఉందా అనేది రసాయనశాస్త్రం తేల్చవలసినది. ఆ గుణం తెలిసే ఆచారం ఏర్పడిందా అనేది చరిత్ర తేల్చవలసినది. మొదటిదానికి దొరికిన సమాధానాన్ని రెండవదానికి ఆధారంగా చూపడం పరిశోధన పద్ధతికి సరిపడదు.

ఈ విచారణకు సికింద్రాబాదు అనువైన క్షేత్రం. మూడవ నిజాం సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన ఈ దండు పట్టణంలో వ్యాధి, దైవం, ప్రయోగశాల పక్కపక్కనే నడిచాయి.

గత్తర – మహంకాళి – పసుపు

సికింద్రాబాదు బోనాల పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న ఐతిహ్యం ప్రసిద్ధమే. 1813లో జంటనగరాల్లో గత్తర వ్యాపించి ఎందరో మరణించారు. ఇక్కడి దండు నుండి ఉజ్జయినికి వెళ్లిన పటాలంలో సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఉద్యోగి ఉన్నాడు. తన ఊరివారిని కాపాడితే గుడి కట్టిస్తానని అతడు అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. వ్యాధి శాంతించింది. తిరిగివచ్చిన అప్పయ్య 1815 ఆషాఢంలో కొయ్యవిగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. ఏటేటా ఆషాఢంలో జరిగే లష్కర్ బోనాలకు ఇదే మూలమని నమ్మకం.

ఈ కథలో కాలనిర్ణయం ఒక్కటి గమనించదగినది. చరిత్రకారులు తొలి కలరా మహమ్మారిగా లెక్కించేది 1817లో బెంగాలులో మొదలైనదానిని. సికింద్రాబాదు ఐతిహ్యం దానికి నాలుగేండ్లు ముందుకు వెళుతుంది. ఇందులో వైరుధ్యం ఉండవలసిన పనిలేదు. మహమ్మారిగా దేశాలు దాటకముందే ఆ వ్యాధి భారతదేశంలో అక్కడక్కడ ఉండేది. పైగా ‘గత్తర’ అన్న తెలంగాణపు మాట, జనాన్ని ఊడ్చుకుపోయే విపత్తును చెప్పేటప్పుడు, నేటి వైద్యగ్రంథపు నిర్వచనానికి కట్టుబడి ఉండదు.

బోనాల్లో పసుపు అడుగడుగునా కనిపిస్తుంది. బోనపు కుండకు సున్నం, పసుపు, కుంకుమ పెట్టి వేపమండలు చుడతారు. పసుపునీటిలో వేపాకు వేసి సాక పోస్తారు. పోతరాజు ఒళ్లంతా పసుపు పూసుకొని వస్తాడు. వ్యాధి భయం నుండి పుట్టిన పండుగలో క్రిమినాశక గుణం గల రెండు వస్తువులు, పసుపూ వేపా, ఇంత ప్రముఖంగా ఉండడం చూసి, ఇది ఆనాటి పారిశుధ్య చర్య అనే నిర్ణయానికి రావడం సులభం.

అయితే కలరా క్రిమిని రాబర్ట్ కాఖ్ గుర్తించి వివరించినది 1883–84లో. అంతకుముందు డెబ్బై ఏండ్ల కిందటి సికింద్రాబాదువాసికి ‘క్రిమి’ అనే భావన ఆ అర్థంలో లేదు. అతని దృష్టిలో వ్యాధిని ఇచ్చేదీ తీసుకుపోయేదీ తల్లే. పసుపు ఆ తల్లికి ప్రీతికరమైన వస్తువు, ఆమె వంటిరంగు, ముత్తైదువతనానికి గుర్తు. ఇంకొక విషయం కూడా ఉంది. కలరా ప్రధానంగా కలుషితమైన నీటి ద్వారా వ్యాపిస్తుంది. గడపకు, కుండ వెలుపలి భాగానికి పూసిన పసుపు తాగేనీటిలోని క్రిమిని ఆపలేదు. ఆచారాన్ని గౌరవించడానికి దానికి లేని ప్రయోజనాన్ని అంటగట్టనవసరం లేదు. దాని అర్థం భక్తిలో, సామూహిక ధైర్యంలో ఉంది. శాస్త్రం పేరుతో ఆ అర్థాన్ని చెరిపివేయడం కూడా ఒక విధమైన అవిధేయతే.

పారిసులో అదే ఏడు

సికింద్రాబాదు ఐతిహ్యం ప్రతిష్ఠా సంవత్సరంగా చెప్పే 1815లోనే ఫ్రాన్సులో వోగెల్, పెల్తియే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పసుపులోని పసుపుపచ్చని పదార్థాన్ని వేరుచేసి ‘కర్కుమిన్’ అని పేరు పెట్టారు. ఈ రెండు సంఘటనలకు ఏ సంబంధమూ లేదు. అయినా పెల్తియే పేరు సికింద్రాబాదుకు ఇంకొక దారిలో చుట్టమే. 1820లో కావెంతూతో కలిసి సింకోనా బెరడు నుండి క్వినైనును వేరుచేసినవాడు అతడే. ఆ క్వినైనే మందుగా వాడిన మలేరియా దోమకడుపులో ఎలా పెరుగుతుందో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనుగొన్నది ఇదే సికింద్రాబాదు దండు పరిసరాల్లో, బేగంపేటలో.

కర్కుమిన్ నిర్మాణం తెలియడానికి ఇంకా తొంభై అయిదేండ్లు పట్టింది. 1910లో మిలొబెద్జ్‌కా, కొస్తానెత్స్‌కీ, లాంపె దానిని నిర్ధారించారు. ఈ మధ్యకాలంలో ఐరోపా ప్రయోగశాలలకు పసుపు మందుగా కన్నా పరీక్షాసాధనంగా ఎక్కువ పరిచయం. పసుపు పట్టించిన కాగితం క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, వెలిగారపు జాడనూ పట్టిస్తుంది. వెలిగారం, నిమ్మరసం చేర్చి పసుపు కొమ్ములను కుంకుమగా మార్చే తెలుగు ఇల్లాలికి ఈ మార్పు కొత్తది కాదు. సంప్రదాయం, రసాయనశాస్త్రం నిజంగా ఒకేచోట కలిసిన సందర్భం ఇది. క్రిమినాశకం గురించి ఇంతగా మాట్లాడేవారు దీనిని పెద్దగా ప్రస్తావించకపోవడం విచిత్రం.

సూక్ష్మజీవి నిరోధం: గుణమూ, దాని హద్దులూ

కర్కుమిన్‌కు సూక్ష్మజీవులను అరికట్టే శక్తి ఉందని 1949లో ష్రౌఫ్‌ష్టెట్టర్, బెర్న్‌ట్ ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. పుండ్లలో చీము పట్టించే స్టాఫిలోకాకస్ ఆరియస్ వారు పరీక్షించిన క్రిముల్లో ఒకటి. తరువాతి పరిశోధనల్లో ఈ ప్రభావం సాధారణంగా గ్రామ్-పాజిటివ్ బాక్టీరియాపై ఎక్కువగా, గ్రామ్-నెగెటివ్ బాక్టీరియాపై తక్కువగా కనిపించింది. కలరా క్రిమి రెండవ వర్గానికి చెందినది. గాయానికి పసుపు అద్దే అలవాటుకు ఈ ఫలితాలు కొంత బలాన్నిస్తాయి. గత్తర విషయంలో ఆ బలం చాలదు.

వంటింటి నిల్వ పదార్థాల విషయంలోనూ కొలత ముఖ్యం. మాగాయకు మామిడి ముక్కలను ఉప్పు, పసుపులతో కలిపి ఊరబెట్టి, ఊట తీసి ఎండబెడతారు. ఆ ముక్క చెడకుండా ఉండడానికి ప్రధాన కారణం ఉప్పు, మామిడి పులుపు, ఎండ. పసుపుది సహాయక పాత్ర. మరొక వైపు, కొమ్ములను ఉడకబెట్టి, పదిపదిహేను రోజులు నేలపై ఎండబెట్టి, మెరుగుపెట్టి, పొడిగొట్టే క్రమంలో పసుపులోకే బాక్టీరియా సిద్ధబీజాలు చేరుతుంటాయి. క్రిమినాశకమని పేరుపడిన పొడి తానే క్రిములకు పూర్తిగా అతీతం కాదు. మెరుపు కోసం లెడ్ క్రోమేట్, మెటానిల్ ఎల్లో వంటి విషపు రంగులు కలిపే కల్తీదారుల చేతిలో పడితే గాయంపై అద్దవలసిన పసుపు గాయం కన్నా ప్రమాదకరమవుతుంది.

తార్నాకలో పసుపు

ఆక్సీకరణ నిరోధ గుణం కథ వేరు. శరీరంలో పుట్టే స్వేచ్ఛారాశులు కణాలలోని కొవ్వును, జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తాయి. కర్కుమిన్ అణువులోని ఫీనాలిక్ హైడ్రాక్సిల్ సమూహాలు హైడ్రోజన్‌ను ఇచ్చి వాటిని నిర్వీర్యం చేస్తాయి. 1976లో ఓ. పి. శర్మ ఈ గుణంపై ప్రకటించిన పరిశోధన తరువాతి అధ్యయనాలకు దారి వేసింది. ‘ఆక్సీకరణ నిరోధం’ అనే భావనకు సంప్రదాయంలో సమానమైన మాటే లేదు. అందువల్ల ఇక్కడ పూర్వికులకు ముందే తెలుసు అనే వాదానికి చోటు ఇంకా తక్కువ. చరకసుశ్రుతులు హరిద్రను ప్రమేహానికి, చర్మరోగాలకు, వ్రణాలకు చెప్పారు. వారి వివరణ రసం, గుణం, వీర్యం, దోషం అనే పరిభాషలో సాగింది.

1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగం పెరిగి, 1958లో సికింద్రాబాదును ఆనుకొన్న తార్నాకకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. కమలా కృష్ణస్వామి ఆధ్వర్యంలో ఇక్కడ పసుపుపై జరిగిన పని ఒక కారణం వల్ల ప్రత్యేకమైనది. వీరు ఔషధపు మోతాదును కాక, ఇంచుమించు ఆహారంలో తీసుకోదగిన మోతాదును పరీక్షకు పెట్టారు. 1992లో ప్రకటించిన అధ్యయనంలో కల్పగం పొలాస, సహచరులు దీర్ఘకాలంగా పొగతాగే 16 మందికి రోజుకు 1.5 గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇచ్చారు. వారి మూత్రంలో ఉత్పరివర్తనాలు కలిగించే పదార్థాలు గణనీయంగా తగ్గాయి. పదహారు మంది అంటే చిన్న సంఖ్యే. పొగతాగేవారికి ఇది అభయహస్తమూ కాదు. అయినా చిటికెడు, చెంచాడు అనే వంటింటి కొలతను ప్రయోగశాల పట్టించుకున్న అరుదైన సందర్భం అది.

2005లో అదే సంస్థ నుండి పి. సూర్యనారాయణ, జి. భానుప్రకాశ్ రెడ్డి ప్రభృతులు ప్రకటించిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. మధుమేహం కలిగించిన ఎలుకలకు ఒక వర్గానికి కర్కుమిన్, మరొక వర్గానికి ఆహారంలో 0.5 శాతం పసుపు ఇచ్చి చూశారు. రెండింటి వల్లా కంటిలో శుక్లం ఆలస్యమైంది. అయితే సమానమైన కర్కుమిన్ కన్నా మొత్తం పసుపే మెరుగ్గా పనిచేసినట్లు వారు గమనించారు. పసుపులో కర్కుమినాయిడ్లు సాధారణంగా రెండు నుండి అయిదు శాతమే. తక్కినదంతా పనికిరాని పిండి కాదని ఈ ఫలితం సూచిస్తుంది.

ఈ విషయంలో ఉత్సాహానికి కళ్లెం కూడా అవసరం. కర్కుమిన్ రక్తంలోకి చేరేది అత్యల్పం. మిరియాలలోని పైపరిన్‌తో కలిపి ఇస్తే మనుషుల్లో దాని లభ్యత 2000 శాతం పెరిగిందని 1998లో బెంగుళూరు పరిశోధకులు చూపారు. అంత పెరగడానికి ఆస్కారం ఉండడమే మొదటి స్థాయి ఎంత తక్కువో చెబుతుంది. 2017లో నెల్సన్, సహచరులు రసాయనవైద్య దృష్టితో చేసిన సమీక్ష మరింత కఠినం. కర్కుమిన్ అస్థిరమని, పరీక్షాపద్ధతులనే తప్పుదారి పట్టించి లేని ప్రభావాన్ని ఉన్నట్లు చూపగలదని వారు హెచ్చరించారు. పరీక్షనాళికలో కనిపించినది మనిషిలో కనిపించి తీరాలని లేదు.

పేటెంటు వివాదం – తెలుగు వాఙ్మయం స్థానం

1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి చెందిన ఇద్దరు పరిశోధకులకు, పసుపుతో గాయం మాన్పే పద్ధతిపై 5,401,504 సంఖ్యతో పేటెంటు ఇచ్చింది. ఆర్. ఎ. మషేల్కర్ సారథ్యంలోని భారత వైజ్ఞానిక పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో దీనిని సవాలు చేసింది. ఇంటింటా తెలిసిన విషయమే కదా అన్న మాట అక్కడ చెల్లలేదు. అచ్చులో ఉన్న ఆధారం కావలసివచ్చింది. సంస్కృతం, హిందీ, ఉర్దూ గ్రంథాల భాగాలు, 1953లో ఒక భారతీయ వైద్యపత్రికలో వచ్చిన వ్యాసం సహా 32 ఆధారాలు సమర్పించారు. 1997 ఆగస్టులో పేటెంటు వాదాలన్నిటినీ తిరస్కరించారు.

గెలిచినది ఆచారం కాదు, గ్రంథస్థమైన వైద్యప్రయోగం. గడపపై పసుపు న్యాయవిచారణలో సాక్ష్యం కాలేదు, గాయంపై పసుపును చెప్పిన వాక్యం సాక్ష్యమైంది. ఆచారాన్నీ చికిత్సనూ విడదీసి చూడాలనడం పద్ధతి కోసం పట్టుదల మాత్రమే కాదని ఈ ఉదంతం చూపుతుంది. విడివిడిగా నమోదైన విషయమే హక్కును నిలబెట్టింది.

ఈ అనుభవం తరువాత రూపొందిన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయపు మూలభాషలుగా సంస్కృతం, హిందీ, అరబిక్, పారశీకం, ఉర్దూ, తమిళం ప్రస్తావనకు వస్తాయి. ఆ వరుసలో తెలుగు వినిపించదు. సంస్కృత శ్లోకాలతో పాటు తెలుగు భాగాలు గల ‘బసవరాజీయం’, మూలికలను, దినుసులను తెలుగులో వివరించిన ‘వస్తుగుణదీపిక’ వంటి గ్రంథాలు అందుబాటులోనే ఉన్నాయి. వైద్యచరిత్ర అధ్యయనానికి డి. వి. సుబ్బారెడ్డి పునాది వేసిన సంస్థ హైదరాబాదులోనే ఉంది. తెలుగు శాఖలు మాత్రం ఈ వాఙ్మయాన్ని సాహిత్యేతరమని పక్కన పెట్టాయి. ఆయుర్వేద శాఖలకు అది భాషాశాస్త్రజ్ఞుల పని. పచ్చపసుపు, కస్తూరిపసుపు, మానుపసుపు అనే పేర్లు ఏ గ్రంథంలో ఏ మొక్కను సూచిస్తాయో, పూతకు చెప్పినది ఏది, లోపలికి చెప్పినది ఏదో, పాఠాంతరాలతో సహా తేల్చిన పట్టిక మొదట కావలసినది. మానుపసుపు అసలు పసుపు జాతికే చెందదు. పేరును చూసి వస్తువును ఊహించే పాఠకుడు మొదటి పుటలోనే దారి తప్పుతాడు. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. దాని ముందున్న పంట, ధర, ఎగుమతి లెక్కల పక్కన ఈ పట్టికకు ఇంకా చోటు దొరకవలసి ఉంది.