కూలి డబ్బుతో కొన్న దీవి

1947 అక్టోబరు. ఫిజీలోని కియోవా దీవి ఒడ్డున 37 మంది దిగారు. ఎదురుగా కొండలు, వాటి నిండా అడవి. వాళ్లు పుట్టిపెరిగిన వైటుపు దీవిలో నేల ఎక్కడా అయిదు మీటర్లకు మించి ఎత్తుండదు. చేమకు చుట్టమైన పులకా దుంప పండాలంటే, ఆ ఇసుకలో నీటిచెమ్మ తగిలేదాకా గుంట తవ్వి, ఆకులు కుళ్లబెట్టి మట్టిని తామే తయారుచేసుకోవాలి. ఇక్కడ మన్ను బోలెడుంది. కాకపోతే ముందు చెట్లు నరకాలి.

వెయ్యి కిలోమీటర్ల దూరంలోని ఈ దీవి వాళ్లకెలా వచ్చింది? కొనుక్కున్నారు!

వైటుపు ఉన్న ఇప్పటి తువాలు అప్పట్లో ఎల్లిస్ దీవులు. బ్రిటిష్ వాళ్ల పాలన. 1942లో అమెరికన్ సైన్యం అక్కడి ఫునాఫుటి దీవిలో దిగి, జపాన్ మీద యుద్ధానికి రన్‌వే వేసింది. వైటుపు మగవాళ్లు సైన్యం దగ్గర కూలికి కుదిరారు. యుద్ధం ముగిసేసరికి ఊరి చేతిలో నాలుగు డబ్బులున్నాయి. ఒకప్పుడు అక్కడ బడి నడిపిన డొనాల్డ్ కెనడీ, బెత్తానికి పేరుమోసిన హెడ్మాస్టరు, ఆ డబ్బుతో భూమి కొనమన్నాడు.

మనియాపాలో, అంటే ఊరి సభాశాలలో, ఆ మాట మీద ఏం జరిగి ఉంటుంది? పిల్లలు పెరుగుతున్నారు, దీవి పెరగదు కదా అని ఒకరు అని ఉంటారు. అయినవాళ్ల సమాధులు వదిలి ఎవడు పోతాడని ఇంకొకరు. చూడని నేలకు డబ్బు కట్టడమేమిటని మూడో పెద్దాయన. ఇదంతా నా ఊహే. కియోవా వేలానికి రావడం, 1946లో దాన్ని 3,000 పౌండ్లకు వైటుపు వాళ్ల కోసం పాడటం మాత్రం చరిత్ర.

పక్కనే రంబి దీవి ఉంది. ఫాస్ఫేట్ కోసం బనాబా దీవిని తవ్విపోస్తూ, అక్కడి జనాన్ని 1945 డిసెంబరులో బ్రిటిష్ వాళ్లు తెచ్చి రంబిలో దించారు. ఆ దీవినీ బనాబా వాళ్ల సొమ్ముతోనే కొన్నారు, కానీ వాళ్లను అడిగి కాదు. కియోవా వాళ్లు తమంతట తాము ఓడెక్కారు. నా దృష్టిలో ఇది చిన్న తేడా కాదు. అయినా భూమి సొంతమైనంత తేలిగ్గా దేశం సొంతం కాలేదు. ఫిజీ పౌరసత్వం 2005లో గాని దక్కలేదు.

ఇప్పుడు తువాలు జనాభా దాదాపు 11,000. సముద్రం ఏటేటా పైకొస్తోంది. 2023లో ఆస్ట్రేలియాతో కుదిరిన ఫలేపిలి ఒప్పందం కింద ఏడాదికి 280 మంది అక్కడికెళ్లి స్థిరపడవచ్చు. ఎవరు వెళ్లాలో లాటరీ తేలుస్తుంది. 2025లో తొలిసారి తీసినప్పుడు కుటుంబసభ్యులతో కలిపి 8,750 మంది పేర్లు ఇచ్చారు. చీటీ తగిలినవాళ్లు సొంత దేశం వదులుకోనక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లి రావచ్చు. కానీ ఆస్ట్రేలియాలో వాళ్లకంటూ ఊరుమ్మడి నేల ఉండదు. అద్దె ఇల్లు ఎవరికి వారే వెతుక్కోవాలి.